బట్టమేక కన్ను

మా చర్చిలో ఒక రాతి పిట్టకు కళ్లుండాలా వద్దా అని మూడు వారాలు మీటింగులు జరిగాయి. నవ్వకండి. ఆ కమిటీకి సెక్రటరీని నేనే. కళ్లు వద్దని తీర్మానం రాసిందీ నేనే. వద్దన్న చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పేరు రెబెకా. నంద్యాలలో ప్రభుత్వ బడిలో సైన్సు చెప్తాను. మా సంఘం ఈ ఏడు సృష్టి స్తోత్ర పండుగ చేయాలనుకుంది. పాణ్యం, వెలుగోడు, డోన్, ఆళ్లగడ్డ సంఘాలన్నీ ఒక ఆదివారం మా చర్చి ఆవరణలో కలవాలి. నియమం ఒక్కటే. కొన్నది తేకూడదు. దేవుడి సృష్టిలో తమకు నచ్చినదాన్ని ఎవరి చేత్తో వాళ్లు చేసి తేవాలి. ఆ నియమం పెట్టింది మా పాస్టరు స్టీఫెన్ అయ్యగారు. వయసులో చిన్నవాడు, మనసులో మంచివాడు, గొడవంటే మాత్రం జ్వరం తెచ్చుకుంటాడు.

ఈ మాట ఆళ్లగడ్డలో ఉన్న మా చెల్లెలు మణెమ్మకు చెప్పింది నేనే. ఆళ్లగడ్డ అంటే రాతి పని. బస్సు దిగగానే ఉలి చప్పుడు, మిషను చప్పుడు, జుట్టు మీద తెల్లటి దుమ్ము. మణెమ్మ ఇరవై రెండేళ్లుగా గురుస్వామి ఆచారి షెడ్డులో పాలిష్ పని చేస్తోంది. చెక్కేది వాళ్లు, రుద్దేది ఈమె. దేవుళ్లను రుద్దింది, సింహాలను రుద్దింది, నాయకుల బొమ్మలను రుద్దింది. ఆ బొమ్మ ఎవరు చేశారని అడిగితే గురుస్వామి పేరు చెప్తారు. ఇంత నున్నగా ఎవరు రుద్దారని ఇంతవరకు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. దేవుడి విగ్రహానికి అన్నీ చెక్కి, కళ్లు మాత్రం చివరికి ఉంచుతారు. అంతవరకు కొత్త గుడ్డ కప్పి పెడతారు. కళ్లు తెరిచే రోజు గురుస్వామి స్నానం చేసి వస్తాడు. "బయటికి పో మణెమ్మా" అంటాడు. ఇరవై రెండేళ్లూ ఆమె ఆ గంటసేపు బయట టీ బంకు దగ్గర నిలబడింది. మనిషి మంచివాడే, కూలి ఎగ్గొట్టేవాడు కాదు. కానీ బయటికి పొమ్మనడం మంచితనంగా చెప్పినా బయటే కదా.

పండుగకు నెల ముందు ఫోను చేసింది. "అక్కా, ఒకసారి రా. నేనొకటి చేసినా. చూసి నవ్వితే తంతా."

వెళ్లాను. పెరట్లో కోళ్ల గంప పక్కన నిలబెట్టి ఉంది. నా నడుము దాకా ఎత్తున్న పిట్ట. పొడుగాటి మెడ, బలమైన కాళ్లు, ఎవరికీ జడవనట్టు ఎత్తిన తల. సింహం కాలు విరిగి మూల పడేసిన నల్లరాయిని గురుస్వామి తీసుకుపొమ్మన్నాడట. రెండు నెలలు, షెడ్డు నుంచి వచ్చాక వెలుతురున్నంత సేపు చెక్కింది. నల్లరాయిలో ఒక గుణముంది. పాలిష్ పడితే నల్లగా నిగనిగలాడుతుంది, ఉలి దెబ్బతో వదిలేస్తే బూడిదలాగా తెల్లగా కనిపిస్తుంది. ఆమె పిట్ట తలపాగాను, రొమ్ము మీద పట్టీని మాత్రం రుద్ది, మెడను ఉలి దెబ్బతోనే వదిలేసింది. రంగు వేయకుండానే తెల్ల మెడ, నల్ల టోపీ. నేను సైన్సు టీచరును, పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మ చూపించి పదేళ్లుగా పిల్లలకు చెప్తున్నాను. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?

"బట్టమేక పిట్ట!" అన్నాను.

"మతికుందా? అమ్మ కొర్రచేన్లో కలుపు తీస్తాంటే వచ్చింది. కదలొద్దు అనింది అమ్మ. నువ్వు రేగుపండ్లు ఏరుకుంటాండావ్. అది మెడ తిప్పి నన్ను చూసింది అక్కా. ఎంతసేపు చూసిందో! మేకపిల్లంత పిట్ట, నన్ను. నేనే దాని పొలంలోకి వచ్చినట్ల చూసింది."

నేను చూడలేదు. రేగుపండ్లు ఏరుకుంటున్నాను. ఇప్పుడు ఆ మెట్టల్లో వెతికినా ఆ పిట్ట కనపడదు. మణెమ్మ పెరట్లో కూడా నాకు కనపడింది ఖాళీ ముఖమే. కన్నుండాల్సిన చోట నున్నగా ఉంది.

"కళ్లేవి మణీ?"

"పెట్టాల. ఈ పని ఎప్పుడూ చేయలా కదా, చెయ్యి వణుకుతాంది. గురుస్వామన్న చూసిపోయినాడు. పని బాగుండాది గానీ కన్ను జోలికి పోవాకు, ముక్కుకూ కంటికీ మధ్య బొటనవేలంత జాగా, చెయ్యి జారితే మొత్తం పాయె, నేనొచ్చి రెండు దెబ్బలేస్తా అన్యాడు."

"వేయించుకో మరి."

కోపంగా చూసింది. "ఆయప్పను చూసిందా ఆ పిట్ట?"

ఫోనులో ఫోటో తీసుకుని వచ్చి కమిటీలో గర్వంగా చూపించాను. తప్పంతా అక్కడ మొదలైంది. మా సంఘ పెద్ద ఫ్రాన్సిస్ సార్ కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. రిటైరైన హెడ్మాస్టరు, నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పినాయన. ఆయన ముందు ఇప్పటికీ నా చేతివేళ్లు బెత్తం దెబ్బకు సిద్ధంగా ముడుచుకుంటాయి.

"ఇది చెక్కిన ప్రతిమ గదమ్మా," అన్నారు. "ప్రతిమ చేసుకోవద్దని ఆజ్ఞ ఉండాది."

"పిట్ట సార్. ఎవరు మొక్కుతారు?"

"రాయంటే మొక్కుతారు. మనోళ్ల సంగతి నీకు తెలీదు. మా తాత వేపచెట్టు కింద రాయిని వదిలిపెట్టి ఈ గుళ్లోకి వచ్చినాడు. ఊరంతా వెలేసినా వెనక్కి పోలా. ఆయన వదిలిన రాయిని నేను లోపలికి తెస్తే రేపు ఆయనకు ఏం మొహం చూపించాల?"

ఆయన కపటంతో అనలేదు. నిజంగా బాధతోనే అన్నారు, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. మొదటి వారం వద్దన్నారు. రెండో వారం అయ్యగారు నసిగారు. మూడో వారం రాజీ కుదిరింది. పిట్ట రావచ్చు, కళ్లుండకూడదు. కన్నుంటే విగ్రహం, లేకపోతే రాయి. అందరూ చేతులెత్తారు. ఫ్రాన్సిస్ సార్ నావైపు చూశారు. నేనూ ఎత్తాను.

ఆ సాయంత్రమే మణెమ్మకు ఫోను చేశాను. అవతల మిషను చప్పుడు ఆగింది.

"ఏందీ? కళ్లు వద్దా?"

"కన్నుంటే విగ్రహమంట మణీ. సార్ అట్ల అంటాండాడు. వాళ్ల తాత వేపమాను కింద రాయిని వదిలొచ్చినాడంట."

"గురుస్వామన్న కన్ను నువ్వు తెరవొద్దంటాడు. ఫ్రాన్సిస్ సారూ తెరవొద్దంటాడు. ఆయప్ప బొట్టు పెట్టుకుంటాడు, ఈయప్ప బైబిలు పట్టుకుంటాడు. నా కాడికొచ్చేతలికి ఇద్దరిదీ ఒకటే మాట. బాగుండాది. నువ్వేమన్యావ్ అక్కా?"

"చెయ్యెత్తినా."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"అన్నం తినే చెయ్యే," అని ఫోను పెట్టేసింది.

రాదనుకున్నాను. శనివారం మధ్యాహ్నం చిన్న ట్రాలీలో గడ్డి పరిచి, పిట్టను పడుకోబెట్టి, పక్కన తను కూర్చుని దిగింది. నలభై కిలోమీటర్ల దుమ్ము ముఖం మీద ఉంది. పిట్టకు కళ్లు లేవు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా చెల్లెలు మాట విన్నదనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

లోపల ఆవరణ నిండా సందడి. పాణ్యం వాళ్లు కొర్ర కంకులతో ఆరడుగుల సిలువ అల్లారు. వెలుగోడు వాళ్లు ఈతాకులతో చేపలల్లి తోరణం కట్టారు. డోన్ పిల్లలు బంకమట్టితో ఎద్దులు, బండి చేశారు. మా నంద్యాల వాళ్లు స్టేజీ మీద రెండు థర్మాకోల్ పావురాలను తగిలించారు. వాటికి చొక్కా గుండీలు కళ్లుగా అంటించారు. మణెమ్మ గేటు దగ్గర్నుంచే అన్నీ చూసింది.

"సార్," అంది, "ఆ పావురాలకు కండ్లుండాయే?"

"అది అట్టమ్మా. రాయి వేరే," అన్నారు ఫ్రాన్సిస్ సార్. "ఈరోజుకు బయటే ఉండనీ. రేపు కూడిక అయినాక చూద్దాం. కళ్లు లేవని అందరికీ చూపించి, అప్పుడు ఒక మూలకు పెడదాం."

ట్రాలీ డ్రైవరుకు తొందర. గేటు బయట వేపచెట్టుంది. సార్ దాని కిందే దింపించారు. ఎండకో, జనం కళ్ల పడకూడదనో, స్టేజీకి తెచ్చిన గుడ్డలో మిగిలిన కొత్త ముక్క ఒకటి తెప్పించి పిట్ట మీద కప్పించారు. పసుప్పచ్చ గుడ్డ. నేను అక్కడే ఉన్నాను, చూశాను, నాకూ ఏమీ తట్టలేదు. మణెమ్మకు తట్టినట్టుంది. గుడ్డను చూసి, చెట్టును చూసి, పెదవి కొరుక్కుంది. అడిగితే చెప్పలేదు. "ఆకలైతాంది, ఇంటికి పోదాం పా" అంది.

ఆదివారం ఏడు గంటలకు ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం. దూరం నుంచే ఊదుబత్తుల వాసన వచ్చింది.

వేపచెట్టు కింద పది మంది ఉన్నారు. పసుప్పచ్చ గుడ్డకు కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ, ముందర కొట్టిన టెంకాయ, నిమ్మకాయ. ఇద్దరు ఆటో డ్రైవర్లు చెప్పులు విడిచి చుట్టూ తిరుగుతున్నారు. సందు మొదట్లో పూలమ్మే చెన్నమ్మ అవ్వ గంప దించి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది. అప్పుడే స్కూటరు దిగిన ఫ్రాన్సిస్ సార్ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఎవరు? ఎవరు చేసినారు ఇది?"

చెన్నమ్మ కళ్లు తెరిచింది. "నేనే సామీ మొదట పూలు పెట్టింది. తప్పా?"

"ఏందనుకుని పెట్టినావు?"

"ఏందనుకునేదేముంది? గుడ్డ ఎత్తి చూస్తి. చెక్కిన రాయి. కండ్లు ఇంకా తెరవలా. కొత్త గుడ్డ కప్పినారు. వేపమాను కింద పెట్టినారు. రేపో మాపో నిలబెట్టే సామి అనుకుంటి. చూసి చూసి ఉత్తచేతుల్తో పోతే బాగుంటాదా?"

"ఏ సామి అనుకున్యావ్ అవ్వా?" ఎవరో ఆట పట్టించారు.

"మెడ పొడుగ్గా ఉండాది. ఏ సామో నాకేం తెల్సు? పేరు తెలీకపోతే మొక్కగూడదా?"

కొందరు నవ్వారు. ఫ్రాన్సిస్ సార్ నవ్వలేదు. మణెమ్మ వైపు వేలు చూపించారు. "చూసినావా? నేను చెప్పలా? రాయంటే మొక్కుతారని నేను చెప్పలా?"

అప్పుడు మా చెల్లెలు నోరు విప్పింది. గట్టిగా అరవలేదు. షెడ్డులో మిషను చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి ఆమె మామూలు గొంతే వీధి చివరికి వినపడుతుంది.

"మొక్కినారు సార్. ఎప్పుడు మొక్కినారు? నా పెరట్లో మూడు నెలలుండాది. దాని నెత్తిన కోడి కూచుండేది. పక్కింటోళ్లు దాని మెడకు దండెం కట్టి బట్టలారేసినారు. ఒక్కరు మొక్కలా. మీ కాడ ఒక్క రాత్రి ఉండాది. కండ్లు వద్దంటిరి. గుడ్డ కప్పిస్తిరి. మీ తాత ఏ మాను కిందనుంచి లేచొచ్చినాడో ఆ మాను కిందే పెట్టిస్తిరి. సామిని చేసింది నేనా, మీరా?"

తాను తీసిన గోతిలో తానే పడ్డ మనిషిని చూసి నవ్వడం తేలిక. నాకు నవ్వు రాలేదు. ఆ గొయ్యి తీయడానికి పార అందించింది నేను.

మణెమ్మ వంగి పూలదండ తీసింది. విసిరేయలేదు. మడిచి చెన్నమ్మ గంపలో పెట్టింది. "ఏమనుకోవాకు అవ్వా. ఇది పిట్ట. నీ పూలు నీ సామికి పెట్టుకో." తర్వాత గేటు లోపలి కొళాయి నుంచి బకెట్టు నీళ్లు తెచ్చి పిట్టను తల నుంచి కాళ్ల దాకా కడిగింది. కుంకుమ నీళ్లు వేపచెట్టు మొదట్లోకి పోయాయి.

"లోపలికి ఎత్తండన్నా," అంది పాణ్యం మగవాళ్లతో.

నలుగురు ముందుకు వచ్చారు. ఫ్రాన్సిస్ సార్ గేటుకు అడ్డంగా నిలబడ్డారు. "తీర్మానం ఉండాది. సెక్రటరీ! చదువమ్మా తీర్మానం."

మినిట్సు బుక్కు నా సంచిలోనే ఉంది. వేళ్లు ముడుచుకున్నాయి. ఏడో తరగతిలో ముడుచుకున్నట్టే ముడుచుకున్నాయి. యాభై రెండేళ్లదాన్ని, నా సొంత చెల్లెలు నీళ్లోడే పిట్ట పక్కన నిలబడి ఉంటే, నేను ఒక రిటైరైన హెడ్మాస్టరుకు భయపడుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోంచే మాట వచ్చింది.

"అది రాసింది నేనే సార్. తప్పు రాసినా. తప్పు రాసింది మళ్లీ చదవకూడదని మీరే చెప్పినారు, కొట్టేసి సరిగ్గా రాయమని."

స్టీఫెన్ అయ్యగారు మధ్యలోకి వచ్చి, "ముందు ప్రార్థన చేసుకుని, తర్వాత నిదానంగా..." అన్నారు.

"చేసుకోండి అయ్యగారూ," అంది మణెమ్మ. "ఈలోపల నేను నా పని చేసుకుంటా. చేత్తో చేసిందే కదా ఈ పొద్దు మీరు తెమ్మనింది."

పాణ్యం వాళ్లు ఫ్రాన్సిస్ సార్ పక్క నుంచే పిట్టను మోసుకుపోయారు. రాతిని మోసేవాళ్లకు ఎవరైనా దారివ్వాల్సిందే, లేకపోతే కాళ్ల మీద పడుతుంది. కొర్ర సిలువకు, ఈతాకు చేపలకు మధ్య దింపారు. నేల ఎగుడుదిగుడుగా ఉండి రాయి ఊగింది.

మణెమ్మ దాని ముందు చతికిలబడింది. కొంగు దోపుకుంది. నడుముకు కట్టుకున్న గుడ్డ మూట విప్పింది. చిన్న సుత్తి, పెన్సిలంత సన్నటి ఉలి. గురుస్వామిది కాదు, కొలిమిలో చెప్పి చేయించుకున్నది. ఆళ్లగడ్డలో ఆమె కన్ను ఎందుకు పెట్టలేదో నాకప్పుడు అర్థమైంది. వద్దన్నవాళ్ల ఎదుటే పెట్టాలని దాచుకుని తెచ్చింది.

"ఊగుతాంది అక్కా. పట్టుకో."

పండుగని తెల్ల చీర కట్టుకుని ఉన్నాను. మట్టిలో కూర్చుని, రెండు చేతులూ వేసి పిట్టను కౌగిలించుకున్నాను. ఏ చేత్తో వద్దన్నానో ఆ చెయ్యి కింద రాయి చల్లగా, తడిగా ఉంది.

ఆమె కళ్లు మూసుకుంది. బొటనవేలితో ముక్కు మొదలు నుంచి కొలిచింది. వేలు వణకడం నాకు దగ్గరగా కనపడింది. బొటనవేలంత జాగా. జారితే రెండు నెలల పని పోతుంది, అంతకన్నా ఎక్కువ పోతుంది. ఈ గేటు లోపల, ఆ షెడ్డు లోపల ఇక ఎప్పటికీ "మేం చెప్పలా?" అంటారు.

"మణీ, కళ్లు తెరిచేది నువ్వెప్పుడూ చూడలేదు కదే," అని గొణిగాను.

"చూడలా. సింహాల కండ్లన్నీ రుద్దినా. ఎంత లోతుండాలో వేళ్లకు తెల్సు," అంది. కళ్లు తెరిచి మొదటి దెబ్బ వేసింది.

టిక్కుమంది. అంతే. నా చెంప మీద పొడి పడింది. రెండోది. మూడోది. డోన్ పిల్లలు మట్టి ఎద్దులను వదిలి చుట్టూ చేరారు. చర్చి గంట కొట్టారు, ఎవరూ కదల్లేదు. చిన్న గుంట పడింది. దాని చుట్టూ సన్నటి అంచు వచ్చింది. ఉలి పక్కన పెట్టి, గరుకు కాగితం తడిపి, చిటికెన వేలితో గుంటలో రుద్దడం మొదలుపెట్టింది. ఆ పని మాత్రం ఇరవై రెండేళ్ల పని. వేలు ఇక వణకలేదు. బూడిద రంగు కరిగి నలుపు తేలింది, నలుపులో వెలుతురు నిలిచింది.

చేయి తీసింది.

గేటు దగ్గర నిలబడ్డ చెన్నమ్మ ఎప్పుడు వచ్చిందో, గంప చంకన పెట్టుకుని ముందుకు వంగింది. "అయ్యో, నా తల్లీ! పిట్టే! నన్ను చూస్తాందే!" అని ఫక్కున నవ్వింది. దండం పెట్టలేదు. అది అందరూ చూశారు, ఫ్రాన్సిస్ సార్ కూడా చూశారు.

నేనూ తల తిప్పి చూశాను. నలభై ఏళ్ల కిందట రేగుపండ్ల కోసం పోగొట్టుకున్న చూపు అది. ఏడుపొచ్చింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి తుడుచుకోలేదు.

ఫ్రాన్సిస్ సార్ మణెమ్మ పక్కకు వచ్చి నిలబడ్డారు. గొంతు తగ్గింది. "సరేలేమ్మా. ఒక కన్ను అయిపాయె. రెండోది గోడవైపుకు పెడదాం, ఎవరికీ కనపడదు. ఒకటి చాల్లే. నీ మాటా నిలబడె, సంఘం మాటా నిలబడె."

మా అయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు. కమిటీ వాళ్లు తలలూపారు. మళ్లీ రాజీ. మణెమ్మ తలెత్తి నన్ను చూసింది. ఈసారి ఏ చెయ్యి అని అడగలేదు.

"ఒంటికన్ను పిట్టను దేవుడు చేయలా సార్," అంది. "తిప్పక్కా."

కౌగిలించుకుని, మోకాళ్ల మీద లేచి, నా బలమంతా పెట్టి తిప్పాను. కన్ను లేని పక్క ఆయనకు ఎదురుగా వచ్చింది. ఆయన కదల్లేదు. మణెమ్మ ఉలి మొనను సరైన చోట ఆనించింది.

"రవ్వంత పక్కకు జరగండి సార్. రాతి పొడి మీ కంట్లో పడతాది," అని సుత్తి ఎత్తింది.